ట్రాలీ కొన్నాం సరే, చెత్త ఎవరు ఎత్తాలి?



చెత్త గురించి రాస్తున్నానని ముక్కు మూసుకోకండి. మా సంఘంలో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. ఆ రోజు చిన్నదే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

మాది బెంగళూరులో ఒక తెలుగు సంఘం. సగానికి పైగా కుటుంబాల తాతముత్తాతలు రాయలసీమ కరువుల్లో మూట నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్లే. మొన్నటి క్రిస్మస్ ప్రేమవిందుకు నాలుగు వందల మంది భోంచేశారు. విందయ్యాక గేటు పక్కన నల్ల కవర్ల గుట్ట మిగిలింది. అన్నం, ఎముకలు, ప్లాస్టిక్ గ్లాసులు, పసిపిల్లల డైపర్లు, పశువులపాక కట్టగా మిగిలిన థర్మోకోల్, అన్నీ ఒకే కవర్లో. వేరుచేయని చెత్త తీసుకోనని మున్సిపాలిటీ ఆటో వెళ్లిపోయింది. మూడు రోజులకు కుక్కలు గుట్టను వీధంతా లాగాయి. పక్కింటివాళ్లు వచ్చి, మీ దేవుడు పరిశుద్ధుడంటారు కదా, మీ గేటు ఇలా ఉందేమిటి అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

జనవరిలో ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంది. వర్క్‌షాపు నడిపే ఒక సహోదరుడు మంచి మనసుతోనే ఒక మాట చెప్పాడు. సంఘం జీపు వెనక తగిలించే చిన్న ట్రాలీ ఒకటి చేయిద్దాం, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటే చాలు, ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఎక్కడ పోస్తాం అని ఎవరో అడిగారు. రింగు రోడ్డు దాటాక బోలెడు ఖాళీ జాగా ఉంది అని ఇంకెవరో అన్నారు. మరి ఎత్తేదెవరు అంటే, మా పెద్దల్లో ఒకాయన హాలు వెనక్కి చేయి చూపించాడు.

"మన అక్క ఉందిగా. ఆమెకు అలవాటైన పనే. ఏదో కొంత ఇద్దాం."

ఆ అక్క చాపలు చుడుతోంది. మున్సిపాలిటీలో పౌరకార్మికురాలు. ఇరవై ఏళ్లుగా మా సంఘ సభ్యురాలు. చాప కింద పెట్టి నా వైపు చూసి, "అయ్యగారూ, తెల్లారగట్ల వీధులు ఊడ్చి, ఇంటికెళ్లి తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఇక్కడికొస్తాను. ఇక్కడ కూడా ఆ పనే చెబుతారా?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. ప్రార్థన చేసి మీటింగు ముగించాను. వేదాంత కళాశాలలో విమోచన గురించి పేజీలకు పేజీలు రాసినవాణ్ణి, ధర్నాల్లో మైకు పట్టుకున్నవాణ్ణి, నా సంఘం హాల్లో నోరు తెరవలేకపోయాను. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. చెత్తకు బండి కొనడం తప్పు కాదు. కొన్న బండిలోకి చెత్త ఎత్తే పనిని మళ్లీ ఆ పాత చేతుల్లోకే నెట్టడం పాపం. అది అలవాటు కాదు, అవసరమూ కాదు. కులం.

ఆ చేతులు ఎవరివి?

బెంగళూరు వీధులు ఊడ్చేవారిలో తెలుగు మాట్లాడే దళితులు ఎంతమందో ఈ ఊళ్లో ఉండేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఉదయం ఆరు గంటలకు ఏ వార్డు మస్టరింగ్ స్థలం దగ్గర నిలబడ్డా మన మాటే వినిపిస్తుంది. తమిళనాడులో ఈ పనిలోకి నెట్టబడిన అరుంధతీయుల్లో చాలా ఇళ్లలో ఈనాటికీ తెలుగే మాట్లాడతారు. అటు దక్షిణ ఒడిశా పట్టణాల్లో రెల్లి సోదరులున్నారు. భాష కాపాడుకున్నామని మనం గర్వంగా చెప్పుకునే ఈ ప్రవాసపు ఊళ్లలో, ఆ భాషతోపాటు చీపురు కూడా తరం నుంచి తరానికి అందింది.

కోలారు బంగారు గనుల ఊరు మనకు దగ్గరే. అక్కడి పాకీ దొడ్లు శుభ్రం చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడే బెజవాడ విల్సన్. సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిలబెట్టి, 2016లో రామన్ మెగసెసె పురస్కారం అందుకున్నాడు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. ఆ ఆందోళన్ వేసిన కేసులోనే, 1993 తర్వాత మురుగు గుంతల్లో చనిపోయిన ప్రతివారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో ఇంకో తీర్పు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. మన సంఘాల్లో విల్సన్ పేరు ఎంతమంది యువకులకు తెలుసు? విదేశీ మిషనరీల జీవితచరిత్రలు క్విజ్ పెట్టి మరీ నేర్పిస్తాం. పొరుగూరివాడి చరిత్ర మన సండే స్కూలు పుస్తకంలో ఉండదు. ఎందుకంటే ఆ కథ మన ఇంటి కథ. మనం దాచిపెట్టాలనుకునే కథ.

ఇంకో చేదు నిజం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. మనకు తెరవలేదు. దాని మీద మనం ఊరేగింపులు తీశాం, ఉపవాసాలు చేశాం, ఇంకా చేయాలి కూడా. కానీ ఒక్కసారి అద్దంలో చూసుకుందాం. హక్కు అడిగినప్పుడు ప్రభుత్వం, క్రైస్తవుడికి కులం లేదు అంటుంది. గేటు దగ్గర చెత్త పేరుకున్నప్పుడు మన కమిటీకి మాత్రం ఆ కులం వెంటనే గుర్తొస్తుంది. ప్రభుత్వం మీద విసిరే రాయి ముందు మన గుమ్మంలోనే పడుతుంది.

"అయ్యగారూ, ఇది ఆత్మీయ విషయమా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. జవాబుగా నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం తీయండి. పేర్ల జాబితా అని మనం పేజీ తిప్పేసే అధ్యాయం అది. యెరూషలేము గోడను ఎవరెవరు ఏయే భాగం కట్టారో అందులో రాసి ఉంది. ప్రధాన యాజకుడు గొర్రెల గుమ్మం కట్టాడు. మరి పట్టణపు పెంట బయటికి పోయే పెంట గుమ్మం ఎవరు బాగుచేశారు? పద్నాలుగో వచనం చూడండి. రేకాబు కుమారుడైన మల్కీయా. ఆయన కూలివాడు కాదు, బేత్‌హక్కెరెము ప్రదేశానికి అధిపతి. ఒక ప్రాంతాన్ని ఏలే పెద్దమనిషి పెంట గుమ్మానికి తలుపులు నిలబెట్టి, గడియలు బిగించాడు. పరిశుద్ధ గ్రంథం ఆయన్ను ఆ పనితోనే గుర్తుపెట్టుకుంది.

అదే అధ్యాయంలో అయిదో వచనం కూడా చదవండి. తెకోవ వాళ్లు పనిచేశారు గానీ వాళ్లలో గొప్పవాళ్లు మాత్రం ప్రభువు పనికి మెడ వంచలేదని అక్కడ ఉంది. ఏం మాట్లాడారో, ఏ సాకు చెప్పారో లేదు. మెడ వంచలేదన్న ఒక్క సంగతే మిగిలింది. మన కమిటీ పెద్దలు మల్కీయా పక్కన నిలబడతారా, తెకోవ గొప్పవాళ్ల పక్కనా? ఈ ప్రశ్న నాకు నేను కూడా వేసుకున్నాను.

అయిదు వేల మంది పురుషులు తిన్న విందు మనందరికీ తెలుసు. అద్భుతం మీద ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. తిన్న తర్వాత ఏం జరిగిందో ఎప్పుడైనా ప్రసంగించామా? మిగిలిన ముక్కలు పోగుచేయమని ప్రభువు చెప్పింది శిష్యులకే. పన్నెండు గంపలు నిండేదాకా పచ్చిక మీద వంగి ఏరింది వాళ్లే. ఊళ్లోంచి ఎవరినో పిలిపించలేదు. ప్రేమవిందు చేసే సంఘానికి ఇంతకంటే స్పష్టమైన ఆజ్ఞ ఏం కావాలి?

గలతీ పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు రెండు మాటలు చెబుతాడు. ఒకరి భారం ఒకరు భరించాలన్నది ఒకటి, ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలన్నది ఇంకొకటి. మనం మొదటిదాన్ని పాటగా పాడుకుంటాం, రెండోదాన్ని చెత్తబుట్ట దగ్గర మరిచిపోతాం. నేను తిన్న అరటి తొక్క నా బరువు. నా బిడ్డ డైపరు నా బరువు. దాన్ని కట్టకుండా, వేరుచేయకుండా ఇంకొకరి చేతిలో పెట్టి, వందనాలు అక్కా అనడం ప్రేమ కాదు.

ఊరవతల అంటే ఎవరి ఊరు?

రింగు రోడ్డు దాటాక పోద్దాం అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. బెంగళూరు చెత్తను ఏళ్ల తరబడి మావళ్లిపుర, మండూరు పల్లెల దగ్గర కుమ్మరించారు. నీళ్లు పాడై, ఈగలతో బతకలేక ఆ ఊళ్లవాళ్లు లారీలను అడ్డుకున్నారు. 2012లో మావళ్లిపుర మూతపడితే నగరం రోజుల తరబడి కంపుకొట్టింది. అప్పుడుగానీ మనకు తడి చెత్త, పొడి చెత్త అన్న మాటలు వినబడలేదు. ముంబైలో దేవనార్ గుట్ట 1927 నుంచి పెరుగుతూనే ఉంది. 2016లో అది అంటుకున్నప్పుడు పొగ పీల్చింది చుట్టూ ఉన్న మురికివాడల పిల్లలు. చెన్నైలో కొడుంగైయూర్ గుట్ట ఎవరి ఇళ్ల పక్కన ఉందో అక్కడి మన సంఘాలకు తెలుసు. యానాంలో గట్టు మీద పోసింది ఏదైనా చివరికి గౌతమీ గోదావరిలోకే చేరుతుంది. ఊరవతల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లు ఎప్పుడూ పేదలే అయి ఉంటారు. మన ప్రభువు కూడా గుమ్మం వెలుపలే శ్రమపడ్డాడని హెబ్రీ పత్రిక చెబుతోంది. మనం ట్రాలీ దొర్లించి వచ్చే చోట ఆయన నిలబడి ఉంటాడేమో అని నాకు భయం.

మరి ట్రాలీ ఏం చేశాం?

కొన్నాం. నెలన్నర వాదులాట తర్వాత, కొన్ని షరతుల మీద కొన్నాం. మీ సంఘంలోనో, మీ అపార్ట్‌మెంటు సంఘంలోనో ఇలాంటి ఆలోచన ఉంటే మేం నేర్చుకున్నది చెబుతాను.

మొదట, చట్టం. మోటారు వాహనాల చట్టం 1988 ట్రైలరును కూడా మోటారు వాహనంగానే లెక్కిస్తుంది. షెడ్డులో చేయించి, తగిలించుకుని రోడ్డెక్కడం కుదరదు. రిజిస్ట్రేషన్ కావాలి, వెనక నంబరు ప్లేటు, ఎర్ర లైట్లు, ఇండికేటర్లు కావాలి. మీ కారు ఎంత బరువు లాగగలదో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. చిన్న కార్లు కొన్నిటికి అసలు లాగే పనే వద్దని ఉంటుంది.

రెండోది, ఎత్తు. ట్రాలీ ఎంత పెద్దది అని కాదు, ఎత్తేవాళ్ల నడుముకు ఎంత పైన ఉంది అని చూడండి. పక్క తలుపులు భుజం దాకా ఉంటే ప్రతి డబ్బా తలమీదికి ఎత్తాలి, కారే నీళ్లన్నీ మొహం మీద పడతాయి. ఊళ్లో చెత్త లారీలు ఇన్నాళ్లూ అలాగే ఉండేవి. ఎందుకంటే వాటిని కొన్నవాళ్లు ఎప్పుడూ వాటిలోకి చెత్త ఎత్తలేదు. మేం నేల తక్కువ ఎత్తులో ఉండేలా, వెనక తలుపు పూర్తిగా కిందికి వాలేలా చేయించాం. ఎత్తాల్సింది మేమే అని తేలిన తర్వాతే మా కమిటీకి ఈ తెలివి వచ్చింది!

మూడోది, వేరుచేయడం. తడి చెత్త చాలా బరువు. పెద్ద డ్రమ్ము నింపితే ఒక్కరు కదిలించలేరు. అందుకే మూత ఉన్న చిన్న డబ్బాలు పెట్టాం. అసలు తడి చెత్తను ట్రాలీ ఎక్కించడమే తగ్గించాం. సంఘం వెనక గుంతలు తవ్వి, ఎండుటాకులు కలిపి ఎరువు చేస్తున్నాం. పొడి చెత్త తేలిక, జాగా మాత్రం ఎక్కువ తింటుంది. దానికి ట్రాలీ చుట్టూ ఇనుప వల, పైన కప్పడానికి తాళ్ల వల. అది వార్డులోని పొడి చెత్త కేంద్రానికి వెళుతుంది. మా వార్డులో ఆ కేంద్రం నడిపేది ఒకప్పుడు వీధుల్లో కాగితాలు ఏరుకున్నవాళ్లే. శుభ్రంగా ఇస్తే వాళ్లకు నాలుగు డబ్బులు మిగులుతాయి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి, గుర్తుపెట్టి, విడిగా మున్సిపాలిటీ ఆటోకే ఇవ్వాలి.

నాలుగోది, నడపడం. బరువంతా వెనక్కి వేస్తే ట్రాలీ పాములా ఊగుతుంది. బరువైనవి ఇరుసు మీద, కాస్త ముందుకు సర్దాలి. రివర్సులో స్టీరింగు ఎటు తిప్పితే ట్రాలీ దానికి ఎదురు తిరుగుతుంది. మా కుర్రాళ్లు ఖాళీ మైదానంలో రెండు శనివారాలు నేర్చుకున్నారు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదు, పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. వంతుల పట్టిక. మొదటి వారం పాస్టరు, కార్యదర్శి. రెండో వారం కోశాధికారి, ఆ మాట అన్న పెద్దాయన. ఆ తర్వాత అక్షర క్రమంలో ప్రతి కుటుంబం. వారమంతా ఇదే పని చేసే పౌరకార్మికుల కుటుంబాలకు మాత్రం ఈ పట్టికలో సెలవు.

అంతా సాఫీగా జరగలేదు. రెండు కుటుంబాలు తమ వంతు వచ్చిన ఆదివారం ఆరాధనకే రాలేదు. ఒకాయన డ్రైవరును పంపించాడు. మేం తిప్పి పంపాం. కానీ మొదటి నెలలోనే ఒక మార్పు చూశాను. ఎవరు ఎత్తాలో తెలిశాక చెత్తే తగ్గింది. ప్లాస్టిక్ గ్లాసులు పోయి ఇళ్ల నుంచి స్టీలు గ్లాసులు వచ్చాయి.

కొన్ని అభ్యంతరాలు

"మనం చేస్తే వాళ్ల ఉపాధి పోదా?" పోదు. నగరం చెత్త మన ట్రాలీతో తీరదు. వేరుచేసి ఇస్తే పోయేది వాళ్ల ఉద్యోగం కాదు, ఆ ఉద్యోగంలోని కుళ్లు, గాజుముక్క, సూది. వాళ్ల ఉపాధి మీద అంత ప్రేమ ఉంటే వాళ్ల జీతం గురించి మాట్లాడండి. 2022 జూలైలో బెంగళూరు పౌరకార్మికులు సమ్మెకు దిగారు. 2025 మే డే రోజున 12 వేల మందికి పైగా పర్మినెంటు నియామక పత్రాలు అందుకున్నారు. అది వాళ్లు పోరాడి గెలుచుకున్నది. ఇంటింటి చెత్త ఆటోల డ్రైవర్లు, లోడర్లు ఎంతోమంది ఇంకా కాంట్రాక్టు కిందే ఉన్నారు. ఆ సమ్మె రోజుల్లో మన సంఘాలు ఎన్ని వెళ్లి పక్కన నిలబడ్డాయి?

"పన్ను కడుతున్నాం కదా?" కట్టాలి. కానీ 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాలు చెత్తను వేరుచేసే పనిని ఇంటివాళ్ల మీదే పెట్టాయి. లైసెన్సు లేని స్థలంలో 100 మందికి మించి జనం చేరే కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలని, చెత్త వేరుచేసి అప్పగించే బాధ్యత నిర్వాహకులదేనని కూడా అన్నాయి. మైదానాల్లో సువార్త కూటాలు పెట్టే మనకు ఇది వర్తించదా? 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, అలంకరణ థర్మోకోల్, 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లు దేశమంతా నిషేధం. మన పండుగ ఫోటోలు తీసి చూడండి. ప్రార్థన చేసి మరీ చట్టం మీరుతున్నాం.

"వాళ్లను మనం సన్మానిస్తున్నాం కదా?" 2020లో కరోనా రోజుల్లో కాళ్లు కడిగాం, శాలువాలు కప్పాం, పూలు చల్లాం. రాలిన ఆ పూలు కూడా వాళ్లే ఊడ్చుకున్నారు. శాలువా చాలు. ఇక చీపురు అందుకుందాం.

యువతీయువకులారా, మీకు ఒక్క మాట. మీ అమ్మమ్మో, నానమ్మో ఆ పని చేసి ఉండొచ్చు. మిమ్మల్ని ఆ పని నుంచి తప్పించడానికే చదివించి ఉండొచ్చు. ట్రాలీ దగ్గరికి రావడానికి మీకు మనసు చివుక్కుమంటే నాకు అర్థమవుతుంది. మిమ్మల్ని ఆ పనిలోకి వెనక్కి రమ్మనడం లేదు. ఇంతకాలం ఆ పనికి దూరంగా ఉన్నవాళ్లను ముందు రమ్మంటున్నాను. మీరు అడగాల్సింది అదే. వచ్చే కమిటీ మీటింగులో లేచి నిలబడి, వంతుల పట్టిక ఏది అని అడగండి. మొదటి పేరు మీ పాస్టరుదే ఉండాలని పట్టుబట్టండి.

మా అక్క ఇప్పుడూ ఆదివారం ఉతికిన చీర కట్టుకునే వస్తుంది. మొన్న నేను ట్రాలీలోకి డబ్బా ఎత్తుతుంటే దూరం నుంచి చూసి, "అయ్యగారూ, నడుము వంచి కాదు, మోకాళ్లు వంచి ఎత్తండి, లేకపోతే రేపు లేవలేరు" అంది. మెడ వంచడం నెహెమ్యా గ్రంథం నాకు నేర్పింది. మోకాళ్లు వంచడం ఆ అక్క నేర్పింది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘం గేటు దగ్గర ఎవరు వంగుతున్నారో ఒక్కసారి చూడండి. చూసి, వాళ్ల చేతిలోని డబ్బా మీరు అందుకోండి.